వయొలిన్ ఒంటరిగా వచ్చింది

ఊరి చర్చి ఫాదర్ ఒకరు. జమీందారుగారి లెక్కలు చూసే దివాను ఒకరు. చెల్లో వాయించే ఆల్‌బ్రెష్ట్స్‌బెర్గర్ అనే ఆయన ఒకరు. నాలుగో మనిషికి నికరమైన ఉద్యోగమే లేదు. వియన్నాలో ఓ అటక గది అద్దెకు తీసుకుని, పిల్లలకు సంగీతం ట్యూషన్లు చెప్పుకుంటూ, సాయంత్రాలు వీధి కచేరీల్లో వాయిస్తూ రోజులు నెట్టుకొస్తున్న పాతికేళ్ల కుర్రాడు. పేరు జోసెఫ్ హైడన్.

1750ల చివర్లో ఈ నలుగురూ ఆస్ట్రియాలోని వైన్‌జీర్ల్ అనే చోట, ఫ్యూర్న్‌బెర్గ్ అనే జమీందారు ఇంట్లో అప్పుడప్పుడూ కలిసేవారు. కాలక్షేపానికి కాస్త సంగీతం. మీ నలుగురూ కలిసి వాయించడానికి వీలుగా ఏదైనా రాయమని జమీందారు ఆ కుర్రాణ్ణి అడిగాడు. అతను రాశాడు. పాశ్చాత్య సంగీతంలో అతి గంభీరమైనదిగా, పండితులు మాత్రమే వినేదిగా ఈనాడు పేరుబడ్డ స్ట్రింగ్ క్వార్టెట్ అలా మొదలైంది. హైడన్ పోయిన మరుసటేడు, 1810లో, గ్రీసింగర్ అనే ఆయన అచ్చువేసిన జీవితచరిత్రలో ఉందీ కథ. అప్పటికి హైడన్ వయసు పద్దెనిమిదేనని గ్రీసింగర్ రాశాడు గానీ, తర్వాతి పరిశోధకులు లెక్కలు సరిచూసి పాతికకు అటూ ఇటూ తేల్చారు.

నాలుగు తీగ వాద్యాలకు రాసిన మొదటివాడు హైడనే అంటే గొడవలొస్తాయి. అంతకుముందు ఇటలీలోనూ జర్మనీలోనూ రాసినవాళ్లున్నారు. కానీ ఒకసారి రాసి వదిలేయకుండా, దాన్ని జీవితాంతం పట్టుకుని అరవై ఎనిమిది దాకా రాసి, ఇదొక ప్రత్యేకమైన పద్ధతి అని లోకం ఒప్పుకునేలా చేసినవాడు అతనే. నాకు ఇందులో నచ్చేది గొప్పతనం కాదు, అందుబాటు. చేతికందిన నలుగురు ఎవరో చూసుకుని, వాళ్లకు సరిపడా రాశాడు. రాజాస్థానం నుంచి విద్వాంసులను పిలిపించలేదు.

ఈ కథను హైదరాబాద్ అమీర్‌పేటలో నిలబడి చదివితే ఇంకోలా వినిపిస్తుంది. మైత్రివనం చుట్టుపక్కల గోడలకు, కరెంటు స్తంభాలకు, మెట్ల మలుపులకు బోర్డులే బోర్డులు. జావా, టెస్టింగ్, శాప్, డేటా సైన్స్, స్పోకెన్ ఇంగ్లిష్. ఏ ఊరి నుంచో బస్సు దిగిన కుర్రాడు ఇక్కడి హాస్టల్లో మంచం దొరకబుచ్చుకుని, మూడు నెలల్లో ఒక కోర్సు పూర్తిచేసి, మాదాపూర్ వైపో అమెరికా వైపో వెళ్లిపోతాడు. వైటూకే నాటి నుంచీ ఇదే వరస. ఆ బోర్డుల సందుల్లోనే కీబోర్డు, గిటారు, వయొలిన్ నేర్పుతామనే బోర్డులూ కనిపిస్తాయి. అమీర్‌పేటలో నేర్పనిది లేదని ఒక నానుడి ఉంది. అయినా ఓ మాట పందెం కట్టి చెప్పొచ్చు. ఈ రోడ్డు మీద వయోలా నేర్పుతామనే బోర్డు కోసం పంజగుట్ట చౌరస్తా దాకా నడిచినా, కాళ్ల నొప్పి తప్ప ఏమీ దొరకదు.

అందుకు కారణం అమీర్‌పేటది కాదు. రెండు వందల ఏళ్ల కిందటిది. అక్కడికి వెళ్లేముందు వియన్నా కథను ఇంకొంచెం సాగనివ్వాలి.

హైడన్ తండ్రి మథియాస్ బండి చక్రాలు చేసే వడ్రంగి. తల్లి రోరావ్‌లో కౌంట్ హరాక్ కోటలో వంటమనిషిగా పనిచేసింది. తండ్రికి స్వరాలు చదవడం రాదు, అయినా చెవితో పట్టుకుని హార్ప్ వాయిస్తూ పాడేవాడు. పిల్లవాడి గొంతు బాగుందని ఎనిమిదో ఏట వియన్నాలోని సెయింట్ స్టీఫెన్ కెథెడ్రల్‌కు కోరస్ పాటగాడిగా తీసుకెళ్లారు. యుక్తవయసులో గొంతు మారగానే పని అయిపోయింది. పక్కనున్న పిల్లవాడి జడ కత్తిరించాడనే సాకు కూడా తోడై, 1749 ప్రాంతంలో గెంటేశారని చెబుతారు. అటక గదిలో చలికి వణుకుతూ పాత నొటేషన్లు ముందేసుకుని సాధన చేసింది ఆ తర్వాతే. అదే భవనంలో కింది అంతస్తులో ఆనాటి ప్రసిద్ధ నాటకకవి మెతస్తాసియో ఉండేవాడు. ఆయన వల్ల పోర్పోరా అనే ఇటలీ సంగీత గురువు పరిచయమయ్యాడు. ఆ గురువుకు బూట్లు తుడిచి, బట్టలు సర్ది, శిష్యులు పాడుతుంటే పక్కన వాయించి, బదులుగా స్వరరచనలో కిటుకులు నేర్చుకున్నాడు. మన గురుకులాల్లో నీళ్లు తోడి నేర్చుకున్న విద్వాంసుల కథలు విన్నవాళ్లకు ఇది వింతగా అనిపించదు.

అతను చేసిన కొత్త పని ఏమిటన్నది చాలామంది దాటేసే విషయం. అప్పటిదాకా నలుగురు కలిసి వాయించాలంటే పక్కన హార్ప్సికార్డ్ ఒకటి ఉండాలి. పైన రాగం, కింద మంద్రం, మధ్యలో ఏర్పడే ఖాళీని ఆ కీబోర్డు వాద్యం నింపేది. వైన్‌జీర్ల్ నలుగురి సంగీతంలో దాని అవసరం లేకుండా పోయింది. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. మధ్య ఖాళీని నింపే బాధ్యత వయోలా మీద పడింది. వయొలిన్ కంటే కొంచెం పెద్దది, తీగలు అయిదు స్వరాల మెట్టు కిందికి ఉంటాయి, గొంతు కొంచెం ముక్కుతో మాట్లాడినట్టుంటుంది. ఎవరూ దాన్ని వినడానికి కచేరీకి రారు. అది ఆగిపోతే మాత్రం ఏదో పోయిందని అందరికీ తెలుస్తుంది.

మొదట్లో రాసిన పది దాకా రచనలకు హైడన్ క్వార్టెట్ అనే పేరు కూడా పెట్టలేదు. సరదా సంగీతం అనే అర్థంలో డివెర్టిమెంటో అన్నాడు. ఒక్కోదానిలో అయిదు భాగాలు, అందులో రెండు నాట్యపు మినుయెట్లు. మొదటి వయొలిన్ పాడుతుంటే మిగతా ముగ్గురూ తలూపుతారు. ఫాదర్‌గారూ దివానుగారూ అంతకంటే కష్టమైనవి వాయించగలిగేవారా అని నాకు అనుమానం. నలుగురూ సమానంగా మాట్లాడుకోవడం అనేది దాదాపు పదిహేనేళ్ల తర్వాత వచ్చింది. 1772 నాటి ఓపస్ 20 సంపుటిలో రెండో క్వార్టెట్ మొదలవుతూనే రాగం చెల్లో అందుకుంటుంది, పైన ఉండాల్సిన వయొలిన్ వెనక్కి తగ్గుతుంది. ఇవాళ వింటే ఇందులో ఏముంది అనిపించవచ్చు. ఆ రోజుల్లో మాత్రం బంట్రోతు లేచి సభకు అధ్యక్షత వహించినట్టే.

నలుగురి పుట్టుపూర్వోత్తరాల సంగతికొస్తే, 1784లో వియన్నాలో జరిగిన ఒక విందు కంటే మంచి ఉదాహరణ లేదు. మైకెల్ కెల్లీ అనే ఐరిష్ గాయకుడు తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఆ రాత్రి మొదటి వయొలిన్ హైడన్. రెండో వయొలిన్ డిటర్స్‌డార్ఫ్. వయోలా మొజార్ట్. చెల్లో వాన్‌హాల్. హైడన్ చక్రాలు చేసే వడ్రంగి కొడుకు. డిటర్స్‌డార్ఫ్ తండ్రి ఆస్థాన నాటకశాలలో వేషాల దుస్తులు కుట్టించేవాడు. మొజార్ట్ తండ్రి సాల్జ్‌బర్గ్ ఆర్చిబిషప్ కొలువులో వయొలిన్ విద్వాంసుడు. వాన్‌హాల్ బొహీమియాలో వెట్టి రైతు కుటుంబంలో పుట్టాడు, సంగీతంతో సంపాదించి తన స్వేచ్ఛను తానే డబ్బిచ్చి కొనుక్కున్నాడు. ఈ నలుగురూ తాము పట్టుకున్న వాద్యంలో మహా నిపుణులేమీ కారని కెల్లీ చురక కూడా వేశాడు. మరుసటి ఏడాది మొజార్ట్ ఆరు క్వార్టెట్లు అచ్చువేయించి హైడన్‌కు అంకితమిచ్చాడు. ఎంత కష్టపడి రాశాడో ఆ అంకితంలోనే ఒప్పుకున్నాడు. గమనించాల్సింది ఇంకోటుంది. ఆ నలుగురిలో ఈనాడు ఎక్కువ పేరు మోసినవాడు వయోలా పట్టుకున్నాడు. మొజార్ట్‌కు క్వార్టెట్‌లో ఆ మధ్య కుర్చీయే ఇష్టమట.

కుర్రాళ్ల క్వార్టెట్ కావాలంటే అదీ అక్కడే ఉంది. 1790లలో ప్రిన్స్ లిష్నోవ్‌స్కీ ఇంట్లో శుక్రవారం ఉదయాలు వాయించిన జట్టులో మొదటి వయొలిన్ షుప్పన్‌జిగ్‌కు ఇరవై దాటలేదు. వయోలా ఫ్రాంజ్ వైస్, చెల్లో నికోలస్ క్రాఫ్ట్ ఇంకా చిన్నవాళ్లు, ఇద్దరూ 1778లో పుట్టినవాళ్లే. క్రాఫ్ట్ తండ్రి హైడన్ దగ్గర కొలువుచేసిన చెల్లో విద్వాంసుడు. బేతోవెన్ తన తొలి క్వార్టెట్లు రాసేటప్పుడు ఆ ఇంటి సంగీతం చెవుల్లో ఉంది. తర్వాత 1804-05 ప్రాంతంలో షుప్పన్‌జిగ్ క్వార్టెట్ కచేరీలకు చందా పెట్టి, డబ్బు కట్టిన ఎవరైనా వచ్చి వినే ఏర్పాటు చేశాడు. జమీందారు ఇంటి కాలక్షేపం టికెట్ కొని వినే సంగీతంగా మారడానికి యాభై ఏళ్లు కూడా పట్టలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే వయొలిన్ మన చేతికి వచ్చింది.

ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు 1786లో పుట్టారు. ఆ కుటుంబం మద్రాసు దగ్గర మణలిలో, ఈస్టిండియా కంపెనీకి దుబాసీగా ఉన్న మొదలియార్ల ఆదరణలో కొన్నేళ్లు గడిపింది. చిన్నయ్య మొదలియారు వెంట వాళ్లు సెయింట్ జార్జి కోటకు వెళ్లి ఇంగ్లిషు బ్యాండు వినేవారు. ఆ మెట్లకు దీక్షితులవారు సంస్కృత సాహిత్యం కూర్చినవే నోటు స్వరాలు, దాదాపు నలభై, అన్నీ శంకరాభరణంలో. బాలుస్వామికి మొదలియారు ఒక యూరోపియన్ దగ్గర వయొలిన్ చెప్పించారు. మూడేళ్లు నేర్చుకుని, ఆయన దాన్ని మన రాగాలకు వంచారు. తర్వాత ఎట్టయాపురం సంస్థానానికి వెళ్లిపోయారు. తంజావూరు వైపు వరాహప్పయ్యరే ముందని వాదించేవాళ్లూ ఉన్నారు, ఆ తగవు మనకెందుకు. తంజావూరు నలుగురు అన్నదమ్ముల్లో చిన్నవాడైన వడివేలుకు తిరువాన్కూరు మహారాజు స్వాతి తిరునాళ్ 1834లో దంతపు వయొలిన్ బహూకరించారు. అప్పటికి ఆ వాద్యం ఇంటిమనిషైపోయింది. ఈ అన్నదమ్ములు వర్ణాలకూ పదాలకూ వాడిన భాషల్లో తెలుగుదే పెద్ద వాటా. బాలుస్వామి మనవడు, దత్తపుత్రుడు అయిన సుబ్బరామ దీక్షితులు 1904లో అచ్చువేయించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెలుగులోనే ఉంది. మొత్తానికి వయొలిన్ మన దేశంలో అడుగుపెట్టి తెలుగు పాటలు వాయించడం నేర్చుకుంది.

అయితే ఒంటరిగా వచ్చింది. పెద్దన్నలు వయోలా, చెల్లో కోటలోనే ఉండిపోయాయి.

ఇందులో తప్పు లేదు, మనకు అవి అక్కర్లేదు కాబట్టి. మన సంగీతం ఒక గొంతు చుట్టూ అల్లుకుంటుంది. గాయకుడు పాడిన ప్రతి వంపునూ నీడలా అనుసరించే వాద్యం కావాలి. వీణ మీటిన నాదం కాసేపట్లో కరిగిపోతుంది, కమాను లాగితే ఆగదు. అందుకే వయొలిన్ గెలిచింది. అడుగున తంబుర షడ్జమ పంచమాలను పట్టుకునే ఉంటుంది, లయ మృదంగం చూసుకుంటుంది. హైడన్ నింపాల్సి వచ్చిన మధ్య ఖాళీ మన కచేరీలో లేనే లేదు. లేని ఖాళీకి వయోలా ఎందుకు? తీగల శ్రుతిని కూడా మనవాళ్లు మార్చేశారు. అక్కడ నాలుగు తీగలూ అయిదేసి స్వరాల దూరంలో ఎక్కుతూ పోతాయి, ఇక్కడ స-ప-స-ప. అక్కడ గడ్డం కింద పట్టి నిలబడతారు, ఇక్కడ నేల మీద కూర్చుని వయొలిన్ తల చీలమండ మీద ఆనిస్తారు. అప్పుడు ఎడమచెయ్యి బరువు మొయ్యక్కర్లేదు, తీగ పొడవునా జారి గమకం పలికించొచ్చు.

మన ప్రాంతంలో ఆ వాద్యానికి పెద్ద పేరు తెచ్చినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు. 1893లో బెంగుళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగారు. 1919లో విజయనగరం మహారాజావారి సంగీత కళాశాల పెట్టినప్పుడు విద్యార్థిగా చేరదామని వెళితే, విన్నవాళ్లు అధ్యాపకుడిగానే తీసుకున్నారని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసుగారి తర్వాత 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. పాటకు పక్కవాద్యంగా ఉన్నదాన్ని సోలో కచేరీకి తెచ్చినవారిలో ఆయనది ముందు పేరు. 1941లో సంగీత కళానిధి ఇచ్చారు. అంత ఎత్తుకెళ్లినా వయొలిన్ వేదిక మీద ఒక్కటే. మన దగ్గర దానికి తోడు ఇంకో వయొలిన్ వచ్చింది, మరోటి వచ్చింది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కలిసి వాయించారు. నాలుగు వయొలిన్లు కలిసినా అది క్వార్టెట్ కాదు, ఒకే మాటను నలుగురు చెప్పడం.

తెలుగువాళ్లలో వయోలాను ఇష్టపడి చేతబట్టిన ప్రసిద్ధుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. 1930లో తూర్పుగోదావరి శంకరగుప్తంలో పుట్టి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యరికం చేసి, కొత్త వాద్యాల సరదా పెంచుకున్న మనిషి. పాట కోసం పుట్టినవాడు కాబట్టి లోకం ఆయన గొంతునే గుర్తుపెట్టుకుంది, వయోలాను పక్కన పెట్టేసింది. వయోలా రాత ఎక్కడైనా అంతే.

పెద్దన్నలు చివరికి వచ్చింది సినిమా ద్వారా. మద్రాసు స్టూడియోల్లో పాటల వెనక తీగల వరుస అంటే వయొలిన్ల గుంపు, పక్కన వయోలాలు, చెల్లోలు, ఓ మూల డబుల్ బేస్. కుర్చీల్లో కూర్చుని, ఎదురుగా స్టాండు మీద స్టాఫ్ నొటేషన్ పెట్టుకుని, కండక్టర్ చెయ్యి చూస్తూ వాయించాలి. వీళ్లలో చాలామంది ఇంట్లో నేల మీద కూర్చుని కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లే. కొందరు చర్చి క్వయిర్ల నుంచి వచ్చారు. మైలాపూర్‌లో ధన్‌రాజ్ మాస్టారి లాంటివాళ్ల దగ్గర పాశ్చాత్య పద్ధతి నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు, ఇళయరాజా అలా నేర్చుకున్నవారే. పొద్దున్న ఒక సినిమాకు, మధ్యాహ్నం ఇంకో సినిమాకు. చూసిన కాగితాన్ని చూసినట్టే వాయించే నైపుణ్యం ఈ తిరుగుడులోనే వచ్చింది. వీళ్ల పేర్లు టైటిల్స్‌లో వెయ్యలేదు. మన చిన్నప్పటి రేడియో పాటల్లో చరణానికీ చరణానికీ మధ్య ఒళ్లు పులకరించే చోటల్లా వీళ్లే ఉన్నారు.

ఇక్కడ అమీర్‌పేట మళ్లీ కథలోకి వస్తుంది. హైదరాబాద్‌లో మొదటి సినిమా స్టూడియో 1956లో కట్టిన సారథి స్టూడియోస్, అమీర్‌పేట పక్కన ఎల్లారెడ్డిగూడలో. 'మాలపిల్ల', 'రైతుబిడ్డ' తీసిన సారథి సంస్థదే. 1959లో వచ్చిన 'మా ఇంటి మహాలక్ష్మి'ని పూర్తిగా హైదరాబాద్‌లో తీసిన తొలి తెలుగు చిత్రంగా చెప్పుకుంటారు. షూటింగులు వచ్చాయి గానీ పాటల రికార్డింగు చాలాకాలం మద్రాసు వదిలి రాలేదు. నటుడు రైలెక్కి రావచ్చు. అలవాటుపడ్డ ముప్పై మంది తీగల వాళ్లను కుటుంబాలతో సహా తరలించడం అంత తేలిక కాదు. సినిమా మొత్తం ఇక్కడికి మారే సమయానికి కీబోర్డు మీద వేలు పెడితే వయొలిన్ల గుంపు మోగే రోజులొచ్చేశాయి. నిజమైన తీగలు కావాలంటే ఇప్పుడు మన సంగీత దర్శకులు బుడాపెస్ట్‌లోనో మాసిడోనియాలోనో ఆర్కెస్ట్రాలను మాట్లాడుకుంటున్నారు. వాళ్లు హైదరాబాద్ ముఖం చూడకుండానే మన హీరో ప్రవేశానికి వాయించి పంపేస్తారు. అందువల్ల మద్రాసులో ఒక తరం పాటు పెరిగిన మధ్యస్వరాల వాళ్ల వర్గం హైదరాబాద్‌లో పుట్టనే లేదు. ఈ ఊళ్లో వయొలిన్ టీచర్లున్నారు, చెల్లో వాళ్లు అరుదు, వయోలా వాళ్లు ఇంకా అరుదు.

మద్రాసులో ఆ వర్గం నుంచే క్వార్టెట్ వచ్చింది, నాకు తెలిసినంతలో మన సంగీతానికి అతి దగ్గరగా వచ్చిన క్వార్టెట్ అదే. 1986 నాటి ఇళయరాజా వాద్యసంగీతపు ఆల్బమ్ 'హౌ టు నేమ్ ఇట్'లో సోలో వయొలిన్ వి.ఎస్.నరసింహన్‌ది. బాఖ్‌నూ త్యాగరాజునూ ఒకచోట కూర్చోబెట్టిన ఆల్బమ్ అది. ఆ నరసింహన్ సినిమా స్టూడియోల్లోని తోటివాళ్లతో కలిసి మద్రాస్ స్ట్రింగ్ క్వార్టెట్ పెట్టారు, చెల్లో వి.ఆర్.శేఖర్. హైడన్‌ను వాయించడానికి కాదు, త్యాగరాజ కీర్తనలను నాలుగు గొంతుల్లో పంచడానికి. వైన్‌జీర్ల్ దివానుగారిలాగే వీళ్లకూ పగటి ఉద్యోగం వేరే ఉంది.

ఇది చెప్పినంత సులువు కాదు. కీర్తన మెట్టును మొదటి వయొలిన్‌కు ఇచ్చి, కింద ముగ్గురికీ తోడు స్వరాలు కూర్చడం కీబోర్డు తెలిసిన ఎవరైనా చెయ్యొచ్చు, వినడానికి పెళ్లి బ్యాండులా ఉంటుంది. చిక్కు గమకంలో ఉంది. తోడి గాంధారం ఒక చోట నిలబడదు, ఊగుతుంది. పైన అది ఊగుతుంటే కింద వయోలా ఏ స్వరం పట్టుకోవాలి? నిశ్చలంగా పట్టుకుంటే ఒరుసుకుంటుంది, తనూ ఊగితే నలుగురు కలిసి నీళ్లలో నడిచినట్టుంటుంది. మోహనం, హంసధ్వని లాంటి తక్కువ స్వరాల రాగాల్లో చోటు దొరుకుతుంది. శంకరాభరణం మెట్లు పాశ్చాత్య మేజర్ స్కేలువే కాబట్టి ఇంకొంచెం తేలిక, దీక్షితులవారు నోటు స్వరాలకు ఆ రాగాన్నే ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. త్యాగరాజులవారి సంగతులు ఇంకో సాయం చేస్తాయి. ఒక పల్లవిని అయిదారు రకాలుగా పెంచుతూ పోతారు కదా, ఏ సంగతి తర్వాత ఏది అన్నది శిష్య పరంపరలో చాలావరకు స్థిరపడి ఉంది. అంటే కాగితం మీద రాసుకోవచ్చు. ఒక్కో సంగతి ఒక్కొక్కరికి ఇవ్వొచ్చు, నాలుగోసారి చెల్లో అందుకోవచ్చు. ఓపస్ 20లో హైడన్ చేసిన పనికి అవసరమైన ముడిసరుకు మన పల్లవిలో ఎప్పటినుంచో ఉంది. నలుగురికి పంచాలన్న ఆలోచన మాత్రం రాలేదు.

ఇప్పుడు అమీర్‌పేట, పంజగుట్టల నుంచి నలుగుర్ని పోగేయాలంటే ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. చిన్నప్పుడు వర్ణాల దాకా నేర్చుకుని, ఇంటర్‌లో ఎంపీసీ రాగానే వయొలిన్ పెట్టె మంచం కిందికి తోసి, ఉద్యోగం వచ్చాక మళ్లీ బయటికి తీసిన అమ్మాయి. సికింద్రాబాద్ చర్చి క్వయిర్లో పెరిగి ట్రినిటీ గ్రేడు పరీక్షలు రాసుకుంటూ వచ్చిన అబ్బాయి. పెళ్లిళ్లలో, టీవీ పాటల పోటీల్లో కీబోర్డు పక్కన వాయించి సంపాదించే కుర్రాడు, వినగానే వాయించేస్తాడు గానీ స్టాఫ్ నొటేషన్ చూస్తే చెమటలు. నిమ్స్ దగ్గర ఏదో ల్యాబ్‌లో పనిచేస్తూ సెలవు రోజుల్లో చెల్లో నేర్చుకుంటున్న నాలుగో మనిషి. నలుగురికీ నాలుగు రకాల చదువు. అమ్మాయికి శ్రుతి స-ప-స-ప, అబ్బాయికి పాశ్చాత్యం. ఆమె నేల మీద కూర్చోవాలి, అతను కుర్చీలో. ముందు వారం పని సంగీతం కాదు, ఎవరి తీగలు ఎవరు బిగించుకోవాలన్న బేరం. ఆమె గమకం అతనికి శ్రుతి తప్పినట్టు వినిపిస్తుంది, అతని వైబ్రాటో ఆమెకు అకారణపు వణుకు. పెళ్లిళ్ల కుర్రాడు ఇద్దరి మధ్యా తర్జుమా చేస్తాడు, అతనికే రెండూ వినబడతాయి కాబట్టి.

కానీ చెల్లో మనిషి తప్ప మిగతా ముగ్గురూ వయొలిన్ వాళ్లే. ముగ్గురిలో ఒకరు వయోలాకు మారాలి. మార్గం ఉంది, వయొలిన్ తెలిసినవాళ్లకు వయోలా బొత్తిగా కొత్త కాదు. వేళ్ల మధ్య దూరం పెరుగుతుంది, కమాను బరువుగా వెయ్యాలి, కాగితం మీద గుర్తు మారుతుంది. వయొలిన్‌కు ట్రెబుల్ క్లెఫ్ అయితే వయోలాకు ఆల్టో క్లెఫ్, మూడో గీత మీద మధ్య 'సి'. కొన్ని నెలల మొండితనంతో వస్తుంది. రానిది ఒప్పుదల. చిన్నప్పటి నుంచీ రాగం తన చేతిలోనే ఉండటానికి అలవాటుపడ్డ మనిషి, చప్పట్లు తనకు రాని కుర్చీలో కూర్చోవాలి. అమీర్‌పేటలో ఏ కోర్సు బోర్డూ దీన్ని నేర్పదు. నా మట్టుకు నేను పెళ్లిళ్ల కుర్రాడినే అడుగుతాను. ఇప్పటిదాకా ఎవరి పాటకైనా పక్కన వాయించి బతికినవాడు, మధ్యలో ఖాళీ ఎక్కడుందో చెవితోనే కనిపెడతాడు. నొటేషన్ నేర్పాల్సింది చర్చి అబ్బాయి.

ఇంకో సమస్య గది. హాస్టల్ వార్డెన్లు ఒప్పుకోరు. అపార్ట్‌మెంట్ పైవాళ్లు పొద్దున్నే వయొలిన్ సరళీ స్వరాలు విని కమిటీకి ఫిర్యాదు చేస్తారు, నలుగురైతే చెప్పనక్కర్లేదు. సాయంత్రం బ్యాచ్‌లు అయిపోయాక కోచింగ్ సెంటర్ల తరగతి గదులు ఖాళీగా ఉంటాయి, ఏసీ కూడా ఉంటుంది. యజమానికి నెలవారీ అద్దె కట్టి ఎవరైనా అడిగి చూడొచ్చు. ఫ్యూర్న్‌బెర్గ్ జమీందారు గదికి అద్దె తీసుకోలేదు, అదొక్కటే తేడా. చేరడం మాత్రం ఇప్పుడు తేలికైంది. 2017 నవంబరులో మెట్రో వచ్చాక మియాపూర్ వాళ్లు, నాగోల్ వాళ్లు అమీర్‌పేటలో కలుస్తున్నారు, 2018 సెప్టెంబరు నుంచి ఎల్బీనగర్ వాళ్లూ వస్తున్నారు. రద్దీ వేళ చెల్లో పెట్టెతో ఎక్కితే మాత్రం తోటి ప్రయాణికుల సానుభూతి ఆశించొద్దు.

మొదట ఏం వాయించాలన్నది తేల్చుకోవడం సులువు. ఫాదర్‌గారూ దివానుగారూ వాయించగలిగిన ఓపస్ 1లోని మొదటి క్వార్టెట్, బి ఫ్లాట్‌లో. ఎవరూ మరీ సిగ్గుపడనక్కర్లేదు, అది అలాంటి నలుగురికే రాసింది. ఆ తర్వాత ఒక నోటు స్వరం, రెండు లోకాలకూ అర్థమయ్యేది. మూడోది హంసధ్వనిలో ఏదైనా కీర్తన, సంగతులన్నీ కాగితం మీద రాసుకుని. అప్పుడు ఒక సంగతి వయోలాకు ఇవ్వాలి, కనీసం ఒక్కటి, పల్లవి మంచి పట్టులో ఉన్నప్పుడు.